సి.టి. స్కానింగ్: భయమూ వద్దు, మోజూ వద్దు



మా వార్డుల్లో సి.టి. స్కాన్ మాట ఎత్తగానే రెండు రకాల మాటలు వింటుంటాము. "ఆ మిషన్లో పెడితే క్యాన్సర్ వస్తాదంట గదా సిస్టరమ్మా, మాకొద్దు" అనేవారు కొందరు. "ఎట్లా ఇంత దూరం వచ్చినాం, తల నుంచి కాళ్ల దాకా ఒకసారి స్కానింగ్ రాయించండి, మనసు కుదుటపడతాది" అనేవారు మరికొందరు. ఒక్కోసారి ఈ రెండు మాటలూ ఒకే ఇంటివారి నోట వస్తాయి. తండ్రికి మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే స్కాన్ వద్దంటారు. కొడుక్కి రెండు రోజులు తలనొప్పి వస్తే స్కాన్ కావాలంటారు. నిజానికి జరగవలసింది దానికి తలకిందులుగా ఉంటుంది.

మన ఆస్పత్రిలో ఎక్స్‌రే, అల్ట్రాసౌండు ఉన్నాయి. సి.టి. అవసరమైన వారిని కర్నూలుకో కడపకో పంపుతాము. పంపేముందు వివరాలు అడిగేది, తిరిగి వచ్చాక కవరు తీసి డాక్టరుగారి ముందు పెట్టేది నర్సులమైన మేమే. కాబట్టి సి.టి.లో వాడే కిరణాల మోతాదు గురించి, రోగి భద్రత గురించి ఈ సంచికలో వివరంగా రాస్తున్నాము. ఇంట్లో చదవలేని పెద్దలు ఉంటే చదివి వినిపించమని మనవి.

సి.టి. స్కాన్ అంటే ఏమిటి?

మామూలు ఎక్స్‌రేలో కిరణాలు ఒక వైపు నుండి శరీరంలోకి వెళ్లి అవతలి వైపు నీడబొమ్మగా పడతాయి. పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు ఒకదానిమీద ఒకటి పడినట్లు కనిపిస్తాయి. సి.టి.లో ఎక్స్‌రే గొట్టం మనిషి చుట్టూ గుండ్రంగా తిరుగుతూ అన్ని వైపుల నుండి కిరణాలు పంపుతుంది. కంప్యూటరు ఆ లెక్కలన్నీ కలిపి, ముల్లంగిని చక్రాలుగా తరిగినట్లు, శరీరం లోపలి భాగాన్ని పొరలు పొరలుగా చూపిస్తుంది.

ఈ యంత్రాన్ని రూపొందించినవారు ఇంగ్లండుకు చెందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటిసారి ఒక రోగి తలను దీనితో పరీక్షించారు. 1979లో ఆయనకు, దీనికి కావలసిన గణితాన్ని ముందుగా ఆలోచించిన అలన్ కోర్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అంతకుముందు మెదడులో గడ్డ ఉందేమో చూడాలంటే వెన్ను నుండి గాలి ఎక్కించి ఎక్స్‌రేలు తీసేవారు. ఆ బాధ రోగికి తప్పించిన యంత్రమిది.

అయితే అన్ని వైపుల నుండి చూడాలంటే కిరణాలు కూడా ఎక్కువ కావాలి. సి.టి. వల్ల మేలు ఎక్కడుందో జాగ్రత్త పడవలసిన విషయమూ అక్కడే ఉంది.

మోతాదు ఎంత?

రేడియేషన్ అనే మాట మన ప్రాంతానికి కొత్త కాదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో ప్రారంభమయ్యాయి. అటువైపు పల్లెల నుండి వచ్చేవారు తాగేనీటి గురించి, పంటల గురించి మమ్మల్ని ఆందోళనతో అడుగుతుంటారు. అదే మనిషి సి.టి. బల్లమీద పడుకునేటప్పుడు అక్కడా రేడియేషనే ఉందని తలచడు.

శరీరానికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్ అనే కొలతతో చెబుతారు. స్వీడన్ శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేరు మీద వచ్చిన కొలత ఇది. మట్టి, రాళ్లు, గాలి, ఆకాశం నుండి వచ్చే కిరణాలు, తినే తిండి – వీటన్నిటి నుండి ప్రతి మనిషికీ ఎంతో కొంత రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. దీనితో పోల్చి పరీక్షల మోతాదులు చూడండి. ఇవి సుమారు లెక్కలు. యంత్రాన్ని బట్టి, మనిషి ఒడ్డూ పొడుగును బట్టి మారుతాయి.

ఛాతీ ఎక్స్‌రే ఒకటి: 0.02 నుండి 0.1 వరకు.
తల సి.టి.: సుమారు 2.
ఛాతీ సి.టి.: 6 నుండి 7. తక్కువ మోతాదు పద్ధతిలో తీస్తే 1 నుండి 1.5.
పొట్ట సి.టి.: 8 నుండి 10. రంగు మందు లేకుండా ఒకసారి, ఎక్కించి మరోసారి తీస్తే దాదాపు 15.
అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ.: సున్న. ఈ రెండింటిలో ఎక్స్‌రే కిరణాలు లేవు.

అంటే ఒక్కసారి పొట్ట సి.టి. తీయిస్తే, నాలుగేళ్లు భూమిమీద ఊరికే బ్రతికితే తగిలేంత రేడియేషన్ కొన్ని క్షణాల్లో తగులుతుందన్నమాట. స్కాన్ అయిపోయాక ఈ కిరణాలు ఒంట్లో నిలవ ఉండవు. స్విచ్చి ఆపితే దీపం వెలుతురు గదిలో మిగలనట్లే. కాబట్టి ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి భోంచేయవచ్చు. పాలిచ్చే తల్లి పాలు ఇవ్వవచ్చు.

2021 మే నెలలో వచ్చిన తగవు

కోవిడ్ రోజులు మనం మరచిపోలేము. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో కర్నూలు ముందుండింది. 2021లో రెండవ ఉధృతి వచ్చినప్పుడు స్వాబ్ పరీక్ష ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడలేక జనం నేరుగా స్కానింగ్ సెంటర్లకు పరుగెత్తారు. "స్కోరు ఎంత? ఇరవై అయిదుకు ఎంత?" అని ఫోన్లలో పరీక్ష మార్కుల్లాగా అడిగి తెలుసుకునేవారు. జ్వరం తగ్గి మామూలుగా తిరుగుతున్నవారు సైతం స్కోరు తగ్గిందా లేదా చూసుకోవడానికి మళ్లీ తీయించుకున్నారు.

2021 మే 3న అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు డాక్టర్ రణదీప్ గులేరియా, లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు సి.టి. తీయించుకోవద్దని, ఒక్క సి.టి. 300 నుండి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. వెంటనే భారత రేడియాలజీ వైద్యుల సంఘం ఆ లెక్క పాతకాలపు యంత్రాలదని, నేటి తక్కువ మోతాదు సి.టి. 5 నుండి 10 ఎక్స్‌రేలతో సమానమని బదులిచ్చింది. పెద్ద డాక్టర్లే తలా ఒక మాట చెబితే మేమేం నమ్మాలని అప్పుడు చాలామంది మమ్మల్ని అడిగారు.

పైన ఇచ్చిన అంకెలు చూస్తే ఇంత తేడా ఎట్లా వస్తుందో తెలుస్తుంది. మామూలు పద్ధతిలో తీసిన ఛాతీ సి.టి. 7 మిల్లీసీవర్ట్‌లు, అతి తక్కువ మోతాదుతో తీసిన ఎక్స్‌రే 0.02. భాగిస్తే 350 వస్తుంది. తక్కువ మోతాదు సి.టి. 1, ఎక్కువ మోతాదు ఎక్స్‌రే 0.1. భాగిస్తే 10 వస్తుంది. యంత్రాన్ని ఏ పద్ధతిలో నడిపారన్న దాన్నిబట్టి రెండు లెక్కలూ రావచ్చు. మనం నేర్చుకోవలసింది ఇది: సి.టి. మోతాదు ఒకే రకంగా ఉండదు. తగ్గించి తీసే వీలు ఉంది, తగ్గించమని అడిగే వీలూ ఉంది. జబ్బు స్వల్పంగా ఉన్నప్పుడు ఎంత తగ్గించి తీసినా ఆ పరీక్ష అక్కరలేనిదే అన్న హెచ్చరికలో మాత్రం తగవు లేదు.

క్యాన్సర్ వస్తుందా?

దీనికి దాపరికం లేకుండా జవాబు చెబుతాము. 2006లో ప్రచురితమైన అమెరికా జాతీయ సైన్స్ అకాడమీల నివేదిక ప్రకారం వంద మందికి ఒక్కొక్కరికి 100 మిల్లీసీవర్ట్‌లు తగిలితే, వారి జీవితకాలంలో అదనంగా ఒకరికి క్యాన్సర్ రావచ్చని అంచనా. ఆ లెక్కన 10 మిల్లీసీవర్ట్‌ల పొట్ట సి.టి. వెయ్యి మందికి తీస్తే అదనంగా ఒకరు. మన దేశంలో ఏ స్కానూ లేకుండానే తొమ్మిది మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని జాతీయ క్యాన్సర్ నమోదు లెక్కలు చెబుతున్నాయి. అంటే వెయ్యి మందిలో సుమారు 110 మంది. వారికి తోడు మరొకరు.

ఇది అంచనా మాత్రమే. వయసు మళ్లినవారికి ముప్పు ఇంతకంటే తక్కువ. పిల్లలకు ఎక్కువ. ప్రాణం కాపాడే స్కాన్ విషయంలో ఈ లెక్క చూసి వెనుకాడనక్కరలేదు. అక్కరలేని స్కాన్ అయితే ఆ ఒక్కరు మన ఇంటివారు ఎందుకు కావాలి?

భయపడి మానకూడని వేళలు

మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి కాలు పడిపోవడం – ఇవి పక్షవాతం లక్షణాలు. కారణం మెదడులో రక్తం గడ్డకట్టడం కావచ్చు, నరం చిట్లడం కావచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి రకానికి మేలు చేస్తుంది, రెండవ రకానికి ప్రాణం తీస్తుంది. ఈ తేడా చెప్పేది తల సి.టి. ఆ ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పసరు కట్టు కోసం ఊళ్లు తిరిగి, మూడోనాడు మా దగ్గరకు తెచ్చే కుటుంబాలను చూసినప్పుడు మాకు కలిగే బాధ చెప్పలేనిది. అక్కడ పోయిన సమయం ఎంత ఖర్చుపెట్టినా తిరిగిరాదు. ఇటువంటప్పుడు 2 మిల్లీసీవర్ట్‌ల గురించి ఆలోచించకండి.

44వ నంబరు, 40వ నంబరు జాతీయ రహదారుల మీద ప్రమాదాలు జరిగి తలకు బలమైన దెబ్బ తగిలినవారు, స్పృహ తప్పినవారు, పొట్టలో దెబ్బతో రక్తపోటు పడిపోతున్నవారు, పేగు పగిలిందని అనుమానం ఉన్నవారు, క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తేలవలసినవారు – వీరందరికీ సి.టి. మేలు చేసే పరీక్షే. డాక్టరుగారు రాస్తే తీయించుకోండి.

మన సీమలో రాళ్ల జబ్బు

మన కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఎండ ఎక్కువ, నీరు తక్కువ. పొలాల్లో, బేతంచెర్ల వైపు నాపరాయి క్వారీల్లో, రోడ్డు పనుల్లో చెమటోడ్చేవారు సరిపడా నీళ్లు తాగరు. మూత్రం చిక్కబడి కిడ్నీలో రాళ్లు ఏర్పడతాయి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ మళ్లీ వస్తాయి. వీరిలో ముప్పై, నలభై ఏళ్ల వయసువారు చాలామంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త ఆస్పత్రి, కొత్త సి.టి. ఒక ఏడాదిలో మూడు పొట్ట సి.టి.లు తీయించుకున్న కవర్లు పట్టుకుని వచ్చినవారిని మేము చూశాము. అంటే సుమారు 25, 30 మిల్లీసీవర్ట్‌లు.

అమెరికాలోని 15 ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో రాళ్ల నొప్పి అనుమానంతో వచ్చిన 2,759 మందిపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. ముందుగా అల్ట్రాసౌండు చేసినవారికి, ముందుగా సి.టి. తీసినవారికి మధ్య ప్రమాదకరమైన పరిణామాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అల్ట్రాసౌండుతో మొదలుపెట్టినవారిలో కొందరికి తరువాత సి.టి. అవసరమైంది. అయినా మొత్తం మీద వారికి తగిలిన రేడియేషన్ తక్కువ.

కాబట్టి రాళ్ల నొప్పితో వచ్చేవారికి మా విన్నపం ఇది. మొదట అల్ట్రాసౌండుతో సరిపోతుందా అని డాక్టరుగారిని అడగండి. ఆపరేషను నిర్ణయించడానికో, జ్వరం, మూత్రం ఆగిపోవడం వంటివి ఉండో సి.టి. తప్పదంటే, రాళ్ల కోసం తక్కువ మోతాదులో తీసే పద్ధతి ఉంది. దాన్ని అడగండి. అన్నిటికంటే ముందు, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి. గుండె జబ్బు, కిడ్నీ బలహీనత ఉన్నవారు మాత్రం నీళ్ల కొలత డాక్టరుగారిని అడిగి పాటించాలి. రాయి రాకుండా చూసుకుంటే స్కాను మాటే రాదు.

పిల్లల విషయంలో

పిల్లల శరీరంలో కణాలు వేగంగా పెరుగుతుంటాయి. వారికి ముందున్న ఆయుష్షూ ఎక్కువ. కాబట్టి రేడియేషన్ ప్రభావం బయటపడటానికి సమయమూ ఎక్కువ. ఐరోపాలోని 9 దేశాల్లో 22 ఏళ్లలోపు సి.టి. తీయించుకున్న దాదాపు తొమ్మిదిన్నర లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. నేటి మోతాదులో పదివేల మంది పిల్లలకు ఒక్కొక్క సి.టి. తీస్తే, తరువాతి 12 ఏళ్లలో ఆ కారణంగా ఒకరిద్దరికి రక్త సంబంధమైన క్యాన్సర్ రావచ్చని వారు లెక్కగట్టారు. ముప్పు చిన్నదే. కాని అది ఉందన్నది నిజం.

మంచం మీద నుండి, మిద్దె మెట్ల మీద నుండి పడిన పిల్లవాణ్ణి తీసుకొచ్చి వెంటనే స్కాన్ రాయమని తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తుంటారు. 2009లో అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం, ఏ పిల్లలకు తలదెబ్బ తరువాత సి.టి. అక్కరలేదో గుర్తించే పద్ధతిని చూపింది. దెబ్బ స్వల్పమై, పిల్లవాడు మామూలుగా ఆడుకుంటూ, తెలివిగా ఉంటే డాక్టరుగారు కొన్ని గంటలు ఆస్పత్రిలో ఉంచి గమనిస్తామనవచ్చు. ఆ గమనించడం కూడా వైద్యమే. డబ్బు ఖర్చు కాలేదు గదా అని దానిని చులకన చేయకండి.

మాటిమాటికీ వాంతులు, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్, స్పృహ తప్పడం, చెవి నుండి ముక్కు నుండి రక్తం గాని నీరు గాని కారడం, చంటిబిడ్డకు మాడు ఉబ్బడం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయవద్దు. అప్పుడు సి.టి. కావాలి.

పిల్లలకు తీసేటప్పుడు యంత్రాన్ని వారి బరువుకు, వయసుకు తగినట్లు మార్చాలి. పెద్దవారికి పెట్టిన కొలతతో పసివాడికి తీస్తే అవసరాన్ని మించి కిరణాలు తగులుతాయి. "బిడ్డ బరువు ఇంత, పిల్లల కొలత పెట్టండి" అని సెంటరులో చెప్పడానికి సంకోచించకండి. బిడ్డ కదలకుండా పట్టుకోవలసి వస్తే పట్టుకునేవారు సీసపు ఆప్రాన్ వేసుకోవాలి. గర్భంతో ఉన్న తల్లి గాని, పిన్నమ్మ గాని లోపల ఉండకూడదు. మిగతా బంధువులందరూ తలుపు బయటే ఉండాలి.

గర్భిణులకు

స్త్రీలకు సి.టి. రాసినప్పుడు నెలసరి ఎప్పుడు వచ్చిందని మేము అడుగుతాము. అత్తగారి ముందు, మామగారి ముందు ఆ మాట చెప్పడానికి కొత్త కోడళ్లు సిగ్గుపడతారు. అందుకే పక్కకు పిలిచి అడుగుతాము. నెల తప్పి ఉంటే, అనుమానం ఉన్నా సరే, దయచేసి చెప్పండి. ఆగగల పరీక్ష అయితే ఆపుతారు. అల్ట్రాసౌండో ఎం.ఆర్.ఐ.యో సరిపోతే అది చేస్తారు. తల్లి ప్రాణానికి అవసరమైతే గర్భంతో ఉన్నా జాగ్రత్తలు తీసుకుని సి.టి. తీస్తారు.

గర్భం ఉన్నట్లు తెలియక స్కాన్ తీయించుకుని, తరువాత భయంతో గర్భం తీయించుకుంటామని వచ్చేవారు ఉన్నారు. తొందరపడకండి. గర్భంలోని బిడ్డకు చేరిన మోతాదు 100 మిల్లీగ్రేల లోపు ఉంటే ఆ కారణంగా గర్భం తీయించుకోనక్కరలేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ చెబుతోంది. మిల్లీగ్రే కూడా రేడియేషన్ కొలతే. ఒక్కసారి తీసిన పొట్ట సి.టి.తో బిడ్డకు చేరేది మామూలుగా అంతకంటే చాలా తక్కువ. తల, ఛాతీ స్కానులతో చేరేది మరీ స్వల్పం. ముందు స్త్రీల డాక్టరుగారితో మాట్లాడండి.

రంగు మందు ఎక్కించేటప్పుడు

కొన్ని స్కానులకు అయోడిన్ ఉన్న రంగు మందును నరంలోకి ఎక్కిస్తారు. ఒళ్లంతా వేడిగా అనిపించడం, నోట్లో ఇనుము రుచి, మూత్రం వస్తున్నట్లు తోచడం మామూలే. ఒకట్రెండు నిమిషాల్లో తగ్గుతుంది. దురద, దద్దుర్లు, ఆయాసం, గొంతు పట్టినట్లు ఉంటే మాత్రం వెంటనే చెప్పాలి. ఇంతకుముందు ఈ మందు పడలేదన్నా, ఆస్తమా ఉన్నా ముందే చెప్పండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి చెబితే, కిడ్నీ బలహీనంగా ఉన్నప్పుడు వాటిని కొద్దిరోజులు ఆపమంటారు. తరువాత నీళ్లు బాగా తాగమనేది ఈ మందు బయటకు పోవడానికే గాని రేడియేషన్ పోవడానికి కాదు.

యంత్రం దగ్గర భద్రత

మన దేశంలో ఎక్స్‌రే, సి.టి. యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. దీని కార్యాలయం ముంబయిలో ఉంది. సి.టి. నడపాలంటే ఈ మండలి నుండి లైసెన్సు ఉండాలి. గది తలుపుమీద రేడియేషన్ గుర్తు, ఎర్రదీపం ఉండాలి. పనిచేసే సిబ్బంది రొమ్ము దగ్గర చిన్న బ్యాడ్జీ పెట్టుకుంటారు. వారికి తగిలిన మోతాదు దానిలో నమోదవుతుంది. వారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదని నియమం.

రోగికి మాత్రం అటువంటి పరిమితి ఏదీ లేదు. ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు పరిమితి అడ్డుపడకూడదన్నదే దీనికి కారణం. అయితే దీని అర్థమేమిటంటే, రోగికి రక్ష అవసరమా కాదా అని ముందుగా ఆలోచించడమే. ఆ ఆలోచన డాక్టరుగారిది, దానిలో మీకూ పాలు ఉంది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలోని సీడర్స్-సైనాయ్ ఆస్పత్రిలో 2008, 2009 సంవత్సరాల్లో జరిగిన సంగతి దీనికి ఉదాహరణ. పక్షవాతం రోగుల మెదడు స్కాను కోసం యంత్రంలో అమర్చిన కొలతలు మార్చినప్పుడు జరిగిన పొరపాటు వల్ల 206 మందికి కావలసిన దానికి ఎనిమిది రెట్ల మోతాదు తగిలింది. దాదాపు పద్దెనిమిది నెలలు అది ఎవరికీ తెలియలేదు. తన జుట్టు రాలిపోతోందని ఒక రోగి చెప్పిన తరువాతే బయటపడింది. అంత పెద్ద ఆస్పత్రిలో తప్పును పట్టించింది ఒక రోగి మాట. కాబట్టి స్కాన్ తరువాత చర్మం ఎర్రబడినా, జుట్టు ఊడినా మౌనంగా ఉండకండి.

పొట్టమీద సీసపు గుడ్డ కప్పలేదని కొందరు కంగారుపడతారు. పాత రోజుల్లో కప్పేవారు. నేటి యంత్రాల్లో దానివల్ల ప్రయోజనం స్వల్పమని, ఒక్కోసారి బొమ్మ చెడిపోయి మళ్లీ తీయవలసి వస్తుందని 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఆ అలవాటు మానమని చెప్పింది. కప్పకపోవడం నిర్లక్ష్యం కాదు.

పాత ఫిల్ము పారేయవద్దు

మా అనుభవంలో అక్కరలేని స్కానులు జరగడానికి పెద్ద కారణం, పాత ఫిల్ము ఇంట్లో ఉండిపోవడం. కర్నూలులో తీయించి హైదరాబాదు వెళ్తారు. కడపలో తీయించి తిరుపతికో వేలూరుకో బెంగళూరుకో వెళ్తారు. కవరు అటకమీద ఉంటుంది. అక్కడి డాక్టరు ఏం చేయగలరు? మళ్లీ తీయిస్తారు. డబ్బూ రెండుసార్లు, కిరణాలూ రెండుసార్లు.

ఫిల్ములు మడవకండి. ఎండ తగిలే కిటికీలో, పొయ్యి పక్కన, రేకుల కప్పు కింద పెట్టకండి. నేటి ఫిల్ములు వేడికి నల్లబడతాయి. వాటితో పిల్లలు గ్రహణం చూడటం కళ్లకు ప్రమాదం. ఫిల్ములో కొన్ని బొమ్మలే ఉంటాయి. సి.డి.లో అన్నీ ఉంటాయి. కాబట్టి సి.డి. తప్పక అడిగి తీసుకోండి. ప్రతి స్కానుకూ ఎంత మోతాదు ఇచ్చిందో యంత్రమే ఒక పేజీలో రాస్తుంది. ఆ పేజీ కూడా సి.డి.లో చేర్చమని అడగండి. కవరుమీద తేదీ, శరీర భాగం పెద్ద అక్షరాలతో రాయండి. బైబిలు, రేషన్ కార్డు ఎంత భద్రంగా దాస్తారో అంత భద్రంగా దాచండి.

పాత స్కాను ఉన్నా మళ్లీ తీయాలని డాక్టరుగారు అన్నారంటే కారణం ఉండవచ్చు. జబ్బు మారి ఉండవచ్చు, బొమ్మ స్పష్టంగా లేకపోవచ్చు. ఆ కారణం అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పడం కాదు.

స్కానుకు ముందు అడగవలసినవి

1. ఈ స్కాను ఫలితాన్ని బట్టి నా వైద్యం మారుతుందా?
2. అల్ట్రాసౌండుతో గాని, ఎం.ఆర్.ఐ.తో గాని, మామూలు ఎక్స్‌రేతో గాని తెలుస్తుందా?
3. నా దగ్గర పాత ఫిల్ము ఉంది, అది సరిపోతుందా?
4. తక్కువ మోతాదులో తీయవచ్చా? బిడ్డకైతే పిల్లల కొలత పెడతారా?
5. రంగు మందుతో, మందు లేకుండా రెండుసార్లు తీయడం తప్పనిసరా?

స్కానుకు ముందు చెప్పవలసినవి

1. గర్భం, లేక నెల తప్పిన అనుమానం.
2. కిడ్నీ జబ్బు, షుగరు, ఆస్తమా, పడని మందులు.
3. ఇంతకుముందు ఎప్పుడెప్పుడు, ఎక్కడ స్కాన్ తీయించారు.

ప్రియులారా, దేవుడు వైద్యులకు ఇచ్చిన జ్ఞానం వల్ల ఇటువంటి యంత్రాలు మన చేతికి వచ్చాయి. అవసరమైనప్పుడు కృతజ్ఞతతో వాడుకుందాం. మనసు తృప్తి కోసం వాటి దగ్గరకు పోవద్దు. సందేహం ఉంటే వార్డులో ఏ సిస్టరునైనా అడగండి. ఓ.పి. వేళల్లో కవరు తెచ్చి చూపిస్తే, ఏది ఎప్పుడు తీశారో వరుసగా సర్ది, తేదీలు రాసి ఇస్తాము. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు ఈ ప్రశ్నలను ఒకసారి చదివి వినిపిస్తే ఎందరికో మేలు కలుగుతుంది.

మీ అందరి ఆరోగ్యం కొరకు ప్రార్థిస్తూ,
నర్సింగ్ సూపరింటెండెంట్,
నర్సింగ్ విభాగం తరఫున